గ్రంథాలయాల సైబర్ భద్రతను పోల్చాలంటే వెబ్‌సైటు గ్రేడు సరిపోదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పన్నెండు ప్రజా గ్రంథాలయాల వెబ్‌సైట్లను, వెబ్‌సైటు భద్రతకు గ్రేడు ఇచ్చే ఒక ఉచిత ఆన్‌లైన్ స్కానర్‌తో పరీక్షించి, వచ్చిన గ్రేడ్లతో పట్టిక వేశారు. ‘ఏ’ వచ్చినవి భద్రంగా ఉన్నాయని, ‘ఎఫ్’ వచ్చినవి ప్రమాదంలో ఉన్నాయని మీ పరిశోధన వ్యాసంలో రాయవచ్చా, లేక ఇంకేమైనా చూడాలా అని అడిగారు.

అలా రాయకండి. మీ శ్రమ వృథా అనడం లేదు. ఆ గ్రేడు చెప్పేది చాలా చిన్న సంగతి: పాఠకుడి బ్రౌజర్‌కూ ఆ వెబ్‌సైటుకూ మధ్య మాటలు ఎవరికీ వినబడకుండా సాగుతున్నాయా లేదా అన్నది. దొంగలు కోరుకునేవి, అంటే సభ్యుల వివరాలు, సిబ్బంది జీతాల కాగితాలు, కేటలాగు డేటాబేసు, చాలాచోట్ల ఆ వెబ్‌సైటులో ఉండవు. వెబ్‌సైటు ఎక్కడో అద్దె సర్వర్ మీద ఉంటుంది. అసలు సరుకు కౌంటర్ వెనక బీరువా పక్కన దుమ్ము పట్టిన కంప్యూటర్‌లో ఉంటుంది. మీ స్కానర్ గేటుకు వేసిన రంగు చూసి ఇంటికి మార్కులు వేసింది. పైగా వెబ్‌సైటే లేని శాఖా గ్రంథాలయానికి మీ పట్టికలో ఏ గ్రేడూ రాదు. అది అన్నిటికన్నా భద్రమా, అన్నిటికన్నా బలహీనమా?

అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఒక హెచ్చరిక. పోలిక కోసమని ఆ గ్రంథాలయాల సర్వర్లలో ఏ తలుపులు తెరిచి ఉన్నాయో వెతికే పనిముట్లు వాడకండి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడటం మన సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ కిందకు వస్తుంది. దురుద్దేశం ఉందని తేలితే 66వ సెక్షన్ కింద శిక్ష కూడా ఉంది. “పరిశోధన కోసం” అన్న మాట పోలీసు స్టేషన్‌లో ఎంత దూరం నడుస్తుందో పరీక్షించాల్సిన అవసరం మీకు లేదు. గ్రంథాలయం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. దొరకకపోతే అడిగి తెలుసుకునే వాటితోనే సరిపెట్టుకోండి. అడిగి తెలుసుకునేవే ఎక్కువ చెబుతాయని ముందుకు వెళితే మీకే తెలుస్తుంది.

ఇరవై రెండేళ్లుగా గ్రంథాలయాల కంప్యూటర్లతోనే నా పని. యాక్సెషన్ రిజిస్టర్లు, అంటే గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస సంఖ్యతో రాసే పుస్తకాలు, చూసి ఒక్కొక్క పుస్తకాన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే కాలంలో మొదలుపెట్టాను. ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. గ్రంథాలయం మీద దాడి జరుగుతుందా లేదా అన్నది పోల్చదగిన విషయం కాదు. జరిగిన రోజున దొంగకు దొరికేది ఎంత, మళ్ళీ పుస్తకం చేతికివ్వడానికి పట్టే రోజులెన్ని అన్నవే పోల్చాలి. దీనికి నిజమైన ఉదాహరణ ఉంది. ఎవరైనా పరిశోధన కోసం కోరి అమర్చినట్టుగా, రెండు పెద్ద గ్రంథాలయాల మీద జరిగిన దాడులు ఒకే రోజున బయటపడ్డాయి.

అది 2023 అక్టోబర్ 28, శనివారం. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ, కెనడాలో టొరంటో పబ్లిక్ లైబ్రరీ. మొదటిది జాతీయ గ్రంథాలయం, 17 కోట్లకు పైగా వస్తువులున్న భాండాగారం. రెండోది వంద శాఖలతో నగరమంతా పరుచుకున్న వాడుక గ్రంథాలయం. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టడం సరికాదని మీ పర్యవేక్షకులు అనవచ్చు. సరికాదు కాబట్టే నేర్చుకోవడానికి అందులో ఎక్కువ ఉంది.

బ్రిటిష్ లైబ్రరీ సంగతి కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే, తమకు తగిలిన దెబ్బ గురించి వాళ్ళు 2024 మార్చిలో ఒక నివేదికను అందరికీ అందుబాటులో పెట్టారు. దాచుకోకుండా రాసిన ఇలాంటి నివేదికలు ఈ రంగంలో అరుదు. దాడి చేసింది రైసిడా, కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగే ముఠా. చొరబాటుకు ఆనవాలు మొదట కనిపించిన చోటు ఒక టెర్మినల్ సర్వీసెస్ సర్వర్. బయటి సంస్థల వాళ్ళు, సాంకేతిక సిబ్బంది దూరం నుంచి లోపలికి వచ్చి పని చేసుకునేందుకు 2020 ఫిబ్రవరిలో దాన్ని ఏర్పాటు చేశారు. మనం బ్యాంకు లావాదేవీకి పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే ఓటీపీ కొడతాం కదా, అలాంటి రెండో తాళాన్ని ఆ గ్రంథాలయం 2020లోనే చాలా వాటికి పెట్టింది. ఈ సర్వర్ ఉన్న విభాగానికి మాత్రం ఖర్చు, ఆచరణలో ఇబ్బందులు, జరుగుతున్న పనులకు ఆటంకం అన్న కారణాలతో పెట్టలేదు. ఊరంతటికీ తలుపులు బిగించి పెరటి గుమ్మం వదిలేసినట్టయింది.

ఇంకా బాధ కలిగించే సంగతి ఉంది. దాడికి రెండు రోజుల ముందు, అక్టోబర్ 26 అర్ధరాత్రి దాటాక ఒకటింపావుకు, భద్రత చూసే అధికారికి అనుమానాస్పద కదలిక గురించి హెచ్చరిక అందింది. ఆయన చర్య తీసుకున్నారు, తనిఖీ చేయించారు, ఏమీ కనిపించలేదు. 28వ తేదీ తెల్లవారుజామున ఒకటిన్నర ప్రాంతంలో 440 గిగాబైట్ల సమాచారం ఒక్కసారిగా బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ముఠా సర్వర్లకు తాళం వేయడంతో సరిపెట్టుకోలేదు. తిరిగి కోలుకోవడం కష్టం కావాలని, తమ జాడ దొరకకూడదని కొన్నిటిని ధ్వంసం చేసింది.

ఏమేమి ఎత్తుకుపోయారో చూస్తే, గ్రంథాలయాలను మీరు అడగవలసిన ప్రశ్న ఒకటి దానంతటదే పుడుతుంది. ఆర్థిక, సాంకేతిక, సిబ్బంది విభాగాల ఫోల్డర్లను ఏకమొత్తంగా కాపీ చేశారు. అంతటితో ఆగకుండా ఫైళ్ళ పేర్లలో పాస్‌పోర్ట్, కాన్ఫిడెన్షియల్ వంటి మాటలున్న వాటిని వెతికి మరీ తీసుకున్నారు. ఇప్పుడు మన గ్రంథాలయాలకు రండి. సభ్యత్వం కోసం తెచ్చిన ఆధార్ జెరాక్సును స్కాన్ చేసి, కౌంటర్ కంప్యూటర్‌లో ‘ఆధార్’ అనే పేరుతోనే ఫోల్డర్ తెరిచి, సంవత్సరాల వారీగా పేర్చిన ఆఫీసును నేను స్వయంగా చూశాను. ఏ గ్రంథాలయమో చెప్పను. అక్కడి గుమస్తా ఎంతో పద్ధతి గల మనిషి. ఆ పద్ధతే దొంగకు దారి చూపే బోర్డు అవుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పది వేల మంది ఆధార్ ప్రతులు అక్కడ ఎందుకున్నాయని అడిగితే, “ఎప్పుడైనా అడుగుతారేమోనని” అన్నారు.

డబ్బు విషయానికి వస్తే ముఠా 20 బిట్‌కాయిన్లు అడిగింది. అప్పటి లెక్కన సుమారు 6 లక్షల పౌండ్లు. లైబ్రరీ ఇవ్వలేదు. దాంతో నవంబరులో దాదాపు 5 లక్షల ఫైళ్ళు డార్క్ వెబ్ అనే చీకటి అంగడిలో బయటపెట్టారు. కోలుకోవడానికి 60 నుంచి 70 లక్షల పౌండ్లు అవుతుందని పత్రికలు అంచనా వేశాయి. ప్రధాన కేటలాగు 2024 జనవరి 15న తిరిగి కనిపించింది, అదీ వెతుక్కోవడానికి మాత్రమే. పుస్తకం కావాలంటే మనిషి వెళ్ళి అడగాల్సిందే. గ్రంథాలయాల్లో తమ పుస్తకాలు అరువుకు వెళ్ళినందుకు బ్రిటన్ రచయితలకు ఏటా అందే సొమ్ము కూడా ఆలస్యమైంది. ఇండియా ఆఫీసు రికార్డులు ఉన్నది అక్కడే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు కాగితాల మీద పని చేసే మన చరిత్ర పరిశోధకులకు కూడా ఆ నెలల్లో దారి మూసుకుపోయింది.

అంత పెద్ద సంస్థ ఎందుకు త్వరగా లేవలేకపోయింది? బ్యాకప్ లేక కాదు. సేకరణల డిజిటల్ ప్రతులు భద్రంగానే ఉన్నాయి. వాటిని తిరిగి పోయడానికి పాత్ర లేదు. ఎన్నో ఏళ్లుగా ఒకదానికొకటి అతికించుకుంటూ వచ్చిన పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని తయారీదారులే వదిలేసినవి, మరికొన్ని కొత్త, భద్రమైన సర్వర్ల మీద నడవనివి. ఊరగాయ జాడీ పగిలినా కారం, ఉప్పు, నూనె అన్నీ ఇంట్లో ఉన్నాయి, జాడీ చేసే కుమ్మరి మాత్రం లేడు. అదే సమయంలో క్లౌడ్‌లో నడిచే ఈమెయిల్, జీతాలు, పద్దుల వ్యవస్థలకు ఏమీ కాలేదు. “మా డేటా మా దగ్గరే ఉంది, బయట పెట్టం” అని గర్వంగా చెప్పే గ్రంథాలయానికి మీరు ఎక్కువ మార్కులు వేయబోతుంటే ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

మీ పట్టికకు నేరుగా తగిలే మరో వివరం: ఆ గ్రంథాలయానికి 2019లో సైబర్ ఎసెన్షియల్స్ ప్లస్ అనే బ్రిటన్ సైబర్ భద్రతా ధ్రువపత్రం వచ్చింది. 2022లో ప్రమాణాలు మారాక, పాత వ్యవస్థలు మార్చేదాకా దానికి తగిన అర్హత పోయింది. అంటే 2019లో పట్టిక వేసిన విద్యార్థి బ్రిటిష్ లైబ్రరీని పై వరుసలో పెట్టి ఉండేవారు. ధ్రువపత్రం ఉందా అని కాదు, ఏ తేదీది అని అడగండి. పాల ప్యాకెట్టుకు చూసినట్టు.

టొరంటోలో దాడి బ్లాక్ బాస్టా ముఠాది. ఈ గ్రంథాలయమూ డబ్బు ఇవ్వలేదు. వెబ్‌సైటు, కేటలాగు, పాఠకుల కంప్యూటర్లు ఆగిపోయాయి. శాఖలు మాత్రం తెరిచే ఉన్నాయి. పుస్తకాలు ఇవ్వడానికి సిబ్బంది కాగితం, కలం పట్టుకున్నారు. తిరిగి వచ్చిన పుస్తకాలను కంప్యూటర్‌లో నమోదు చేయకుండా అరలో పెట్టడానికి వీల్లేదు. పెడితే ఎవరి ఖాతాలో ఏముందో ఎప్పటికీ తేలదు. అందుకని వాటిని లారీ ట్రైలర్లలో పేర్చుతూ పోయారు. అలా పేరుకున్నవి పది లక్షలు దాటాయి. 2024 ఆరంభంలో వ్యవస్థలు దశలవారీగా తిరిగి లేచాక వాటిని ఒక్కొక్కటిగా అరల్లోకి చేర్చారు. నాకు ఈ ఉదంతంలో అన్నిటికన్నా నచ్చేది ఈ ట్రైలర్ల ఆలోచనే. దాన్ని ఏ భద్రతా స్కానరూ కొలవదు.

ఏమి పోయింది? ఒక ఫైల్ సర్వర్‌లోని సిబ్బంది సమాచారం: పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు, సామాజిక బీమా సంఖ్యలు, గుర్తింపు పత్రాల ప్రతులు. అది 1998 నుంచి అక్కడ పని చేసిన వాళ్ళందరిదీ. పాఠకుల సభ్యత్వ డేటాబేసు, దాతల వివరాలు దొంగలకు చిక్కలేదని గ్రంథాలయం ప్రకటించింది. ఇక్కడ రెండు సంగతులు విడదీసి చూడాలి. పాఠకుల సమాచారాన్ని వేరే గదిలో ఉంచడం వాళ్ళను కాపాడింది. పాతికేళ్ల క్రితం ఉద్యోగం వదిలి వెళ్ళిన మనిషి చిరునామాను వాడుకలో ఉన్న సర్వర్‌లోనే ఉంచడం వాళ్ళను ముంచింది. దాచుకోని వస్తువును ఎవరూ దొంగిలించలేరు. గ్రంథాలయాల భద్రత గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఈ ఒక్క వాక్యమే.

అమెరికాలో చాలా గ్రంథాలయాలు పుస్తకం తిరిగి రాగానే దాన్ని ఎవరు చదివారన్న ముడిని తెంచేస్తాయి. 2001లో పేట్రియట్ చట్టం వచ్చి, పాఠకుల రికార్డులు ప్రభుత్వం అడిగే భయం పెరిగాక ఈ అలవాటు బలపడింది. పోలీసుల భయంతో చేసిన పని దొంగల నుంచి కూడా కాపాడుతోంది. మన దగ్గర విరివిగా వాడే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహాలో కూడా చదివిన చరిత్రను చెరిపే వీలుంది. ముందు గ్రంథాలయం ఆ సౌకర్యాన్ని తెరిచి ఉంచాలి, ఆ పైన సభ్యుడి ఖాతాలో గోప్యత అమరిక మార్చాలి. నేను చూసిన చోట్ల ఎవరూ దాన్ని తాకలేదు. ఒక మనిషి పదేళ్లుగా ఏ జబ్బు గురించి, ఏ రాజకీయాల గురించి చదువుతున్నాడో మొత్తం అందులో భద్రంగా ఉంటుంది. మీ పట్టికలో దీనికి ఒక గడి తప్పకుండా పెట్టండి.

మిగతా ఉదంతాలు క్లుప్తంగా చెబుతాను. 2017 జనవరిలో అమెరికాలోని సెయింట్ లూయిస్ పబ్లిక్ లైబ్రరీలో సుమారు 700 కంప్యూటర్లకు తాళం వేసి 35 వేల డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు అడిగారు. వాళ్ళు ఇవ్వకుండా బ్యాకప్‌ల నుంచి కట్టుకున్నారు, కొద్ది రోజుల్లోనే పుస్తకాలివ్వడం మొదలుపెట్టారు. దీన్ని చూపి “బ్యాకప్ ఉంటే చాలు” అని రాయకండి. ఆనాటి దొంగ తాళం వేసి కూర్చునేవాడు. ఇప్పటివాడు ముందు మూట కట్టుకుని, ఆ తర్వాత తాళం వేస్తాడు. బ్యాకప్ తాళానికి మందు, మూటకు కాదు. 2021 ఆగస్టులో బోస్టన్, 2024 మే నెలలో సియాటిల్ పబ్లిక్ లైబ్రరీలు కూడా దెబ్బతిన్నాయి. సియాటిల్‌లో అది మెమోరియల్ డే సెలవుల వారాంతం. లండన్, టొరంటోల్లోలాగే అక్కడా బయటపడింది శనివారమే. సెలవు రోజున ఎవరికి ఫోను చేయాలి, ఆ ఫోను ఎవరు ఎత్తుతారు అన్నది మీరు అడగవలసిన ప్రశ్న.

మనకు దగ్గరిది ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే అమెరికా ఆన్‌లైన్ భాండాగారం ఉదంతం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు చాలామందికి ఇప్పుడు దొరుకుతున్నది అక్కడే. 2024 అక్టోబరులో 3 కోట్ల 10 లక్షల మంది ఖాతాల వివరాలు పోయాయని తేలింది. ఆ సైటు కొన్నాళ్లు మూతపడి, ముందు చదవడానికి మాత్రమే తెరుచుకుంది. తర్వాత మళ్ళీ అక్టోబర్ 20న, ఆ సంస్థకు ఎప్పుడో ఉత్తరాలు రాసిన వాళ్ళకు చొరబడిన వాళ్ళ నుంచే ఈమెయిళ్ళు వచ్చాయి. బయటపడిన తాళంచెవుల్లో, అంటే వ్యవస్థలోకి వెళ్ళనిచ్చే రహస్య సంకేతాల్లో, కొన్నిటిని అప్పటికీ మార్చలేదని వాటి సారాంశం. ఆ సంస్థ మీద నాకు గౌరవం తగ్గలేదు, వాళ్ళ సేవ అంత గొప్పది. అయితే దెబ్బ తగిలాక మొదటి వారంలో ఏం మార్చాలో ముందే కాగితం మీద రాసి ఉంచుకోవడం ఎందుకు అవసరమో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఇక మన గ్రంథాలయాలు. మన దగ్గర నిర్మాణం వేరు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి కింద శాఖలు ఉన్నాయి. ఆదాయం ఆస్తి పన్నుపై రూపాయికి 8 పైసల సెస్సు నుంచి రావాలి. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సు గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్న వార్త ఏటా ఏదో ఒక పత్రికలో చదువుతూనే ఉంటాం. కరెంటు బిల్లుకు వెతుక్కునే శాఖను భద్రతా బడ్జెట్ ఎంత అని అడిగితే నవ్వుతారు. అమెరికాలో సమాచార ప్రసారాల కమిషన్ పాఠశాలల, గ్రంథాలయాల సైబర్ భద్రతకే మూడేళ్లకు 20 కోట్ల డాలర్ల ప్రయోగ పథకం పెట్టింది. దరఖాస్తులు దాని స్థోమతను ఎంతో మించిపోయాయి. డబ్బున్న దేశంలోనే పరిస్థితి అది. కాబట్టి డబ్బు లేని శాఖను డబ్బున్న నగర గ్రంథాలయంతో ఒకే వరుసలో పెట్టకండి. ఒక కౌంటర్, ఒక కంప్యూటర్ ఉన్నవాటిని వాటిలో వాటితోనే పోల్చండి. నెట్‌వర్కు, సర్వర్ ఉన్నవాటిని వేరుగా పెట్టండి. కంప్యూటరే లేని శాఖలను మూడో గుంపుగా కాక పోలిక నుంచే తప్పించండి.

చిన్న గ్రంథాలయాలకు ఒక ఉమ్మడి కొలబద్ద కావాలంటే సీఐఎస్ కంట్రోల్స్ అనే సైబర్ జాగ్రత్తల జాబితాలోని మొదటి అంచె బాగుంటుంది. అందులో 56 జాగ్రత్తలున్నాయి. మొత్తం అడిగితే లైబ్రేరియన్ మిమ్మల్ని రెండోసారి లోపలికి రానివ్వరు. నేనైతే పది, పన్నెండు ఎంచుకుంటాను. ఎంచుకునేటప్పుడు “ఉందా?” అని అడిగే వాటిని తగ్గించి, “చూపిస్తారా?” అని అడగగలిగే వాటిని తీసుకుంటాను. ఉందా అంటే అందరూ ఉందనే అంటారు.

ఉదాహరణకు సాఫ్ట్‌వేర్ వయసు. కోహా వాడే చోట వెర్షను సంఖ్యే ఆ పని చేస్తుంది. 2016 నుంచి ఆ సంఖ్యలో మొదటి రెండు అంకెలు సంవత్సరాన్ని, తర్వాతి రెండు నెలను చెబుతాయి. 18.05 అని కనిపిస్తే అది 2018 మే నాటిది, దానికి భద్రతా సవరణలు ఆగిపోయి ఏళ్లయింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ వాడే చోట అది ఎన్‌ఐసీ క్లౌడ్‌లో నడుస్తోందా, పాత పద్ధతిలో స్థానిక కంప్యూటర్‌లోనా అని చూడండి. హైదరాబాద్‌లో పుట్టిన మరో గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ న్యూజెన్‌లిబ్ ఇంకా కొన్ని చోట్ల కనిపిస్తుంది. దాన్ని పెట్టి వెళ్ళిన మనిషి తర్వాత ఎవరు చూస్తున్నారని అడగండి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ఆగింది, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న. కంప్యూటర్ తెరిస్తే ఏది నడుస్తోందో ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

పాఠకులు వాడుకునే కంప్యూటర్లు, కౌంటర్ కంప్యూటర్ ఒకే నెట్‌వర్కులో ఉన్నాయా అన్నది తప్పక చూడండి. పోటీ పరీక్షల అభ్యర్థి హాల్‌టికెట్టు ప్రింటు కోసం పెన్‌డ్రైవు పెట్టే యంత్రం, సభ్యుల డేటా ఉన్న యంత్రం ఒకే తీగ మీద ఉంటే మిగతా జాగ్రత్తలకు పెద్ద అర్థం లేదు. పాస్‌వర్డు మానిటరుకు అంటించిన చీటీ మీద ఉందా అన్నది మీరు అడగక్కరలేదు, కళ్ళు తెరిచి కూర్చుంటే చాలు. బదిలీ అయిపోయిన పాత లైబ్రేరియన్ పేరుతోనే ఇప్పటికీ లోపలికి వెళుతున్నారా అన్నది మాత్రం అడగాలి. చాలాచోట్ల వెళుతున్నారు.

దాడి జరిగితే ఎవరికి చెప్పాలో తెలుసా అన్నది మరొకటి. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటన గమనించిన 6 గంటల్లోగా వాళ్ళకు తెలియజేయాలి. కంప్యూటర్లలో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలను (లాగ్‌లను) 180 రోజులు భద్రపరచాలి. ఈ సంగతి తెలిసిన జిల్లా లైబ్రేరియన్ ఎదురైతే ఆ గ్రంథాలయానికి నేను కళ్ళు మూసుకుని మార్కులు వేస్తాను. తెలియకపోతే ఆయన తప్పు కాదు, ఎవరూ సర్క్యులర్ పంపి ఉండరు. అందుకే మీ ప్రశ్నలు లైబ్రేరియన్‌ దగ్గరే ఆగకుండా, సంస్థ కార్యదర్శి దాకా వెళ్ళాలి. డబ్బు, అధికారం అక్కడున్నాయి.

అన్నిటికన్నా బరువైన ప్రశ్నను చివరికి ఉంచాను. అది నా తలకు తగిలిన దెబ్బ. ఒకప్పుడు నేను పని చేసిన గ్రంథాలయంలో ప్రతి రాత్రీ పదింటికి బ్యాకప్ దానంతటదే జరిగేలా అమర్చింది నేనే. మూడేళ్లపాటు తెర మీద “పూర్తయింది” అన్న సందేశం చూసి ఇంటికి వెళ్ళేవాడిని. ఒక వానాకాలం కరెంటు హెచ్చుతగ్గులకు డిస్కు పోయింది. బ్యాకప్ కూడా అదే డిస్కులోని ‘డి’ విభాగంలో ఉంది. సరే, నెలకొకసారి వేరే డిస్కులోకి తీసిన ప్రతి ఉంది కదా అని తెరిస్తే, ఎనిమిది నెలలుగా దాని పరిమాణం సున్నా. జాగా నిండిపోయింది. సందేశం మాత్రం వస్తూనే ఉంది. దొంగ కూడా అవసరం లేకపోయింది మాకు.

మమ్మల్ని గట్టెక్కించింది మా ముసలి గుమస్తా. కంప్యూటర్ వచ్చాక కూడా ఆయన యాక్సెషన్ రిజిస్టరును చేత్తో రాయడం మానలేదు. “ఎందుకండీ రెండు పనులు” అని నేనే రెండు మూడు సార్లు విసుక్కున్నాను. నాలుగు నెలలు ఆ రిజిస్టర్లు ముందు పెట్టుకుని మళ్ళీ ఎక్కించాం. పుస్తకాల లెక్క తిరిగి వచ్చింది. ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో మాత్రం రాలేదు. సుమారు మూడు వందల పుస్తకాలు పాఠకుల మంచితనానికి వదిలేశాం, చాలావరకు వెనక్కి వచ్చాయి కూడా. అందుకే చెబుతున్నాను, చేతిరాత రిజిస్టరు నేటికీ నడుస్తున్న గ్రంథాలయాన్ని వెనకబడిందని రాయకండి. మీ పట్టికలో దానికి మార్కులు కలపండి. టొరంటో వాళ్ళు ఆపదలో కాగితం పట్టుకున్నారు, వీళ్ళు ఎన్నడూ వదల్లేదు.

బ్యాకప్ ఉందా అని అడగడం మానేసి, నిన్నటి బ్యాకప్‌ను ఒక ఖాళీ కంప్యూటర్‌లో తెరిచి చూపమని అడగండి. అసలు కంప్యూటర్‌ను ముట్టుకోకూడదు, ఆ పని గ్రంథాలయం మనిషే చేయాలి, మీరు పక్కన కూర్చోండి. మొదలైన సమయం, ఒక పాఠకుడికి ఒక పుస్తకం ఇవ్వగలిగే స్థితికి వచ్చిన సమయం రాసుకోండి. ఆ రెండింటి మధ్య ఎన్ని గంటలో అదే మీ పోలికలో ప్రధానమైన అంకె. తెరుచుకోకపోతే ‘తెరుచుకోలేదు’ అని రాయండి, కారణం కింద రాయండి. పన్నెండింటిలో ఏడెనిమిది చోట్ల అదే జరిగినా నేను ఆశ్చర్యపోను. ఫలితం ఏదైనా గ్రంథాలయాల పేర్లు వ్యాసంలో పెట్టకండి. ‘క’, ‘చ’, ‘ట’ అని గుర్తులు వాడండి. ఏ సంస్థలో తలుపు తెరిచి ఉందో అచ్చు వేసి ఇవ్వడం మీ పని కాదు. ఎవరికి వాళ్ళ ఫలితాన్ని విడిగా, మూసిన కవరులో ఇవ్వండి.

మొదట మీ ఊరికి దగ్గరగా ఉన్నదానితో ప్రారంభించండి. ఉదయం తెరవగానే వెళ్ళండి. ఖాళీ కంప్యూటర్ వెతకడానికే ఒక పూట పడుతుంది, పాస్‌వర్డు తెలిసిన మనిషి మధ్యాహ్నం తర్వాత వస్తాడు. భోజనం డబ్బా వెంట తీసుకువెళ్ళండి.